డైట్ యాప్‌లో షుగర్ లెక్క: చాయ్ కప్పు దగ్గర ఎందుకు తప్పుతుంది? ఎలా సరిచేసుకోవాలి?

స్టెప్స్ లెక్కపెట్టడానికి ఫోన్‌లో సెన్సర్ ఉంది. నిద్రను అంచనా వేయడానికి వాచ్ ఉంది. మరి రోజుకు ఎంత చక్కెర తింటున్నామో లెక్కపెట్టడానికి? దానికి సెన్సర్ లేదు. ఉన్నది డైట్ యాప్ ఒక్కటే. అది కూడా కొలవదు, మనం చెప్పింది రాసుకుంటుంది అంతే. ఈ ఒక్క విషయం అర్థమైతే ఏ యాప్ వాడినా సరిగ్గా వాడొచ్చు. అర్థం కాకపోతే ఎంత ఖరీదైన ప్రీమియం ప్లాన్ తీసుకున్నా స్క్రీన్ మీద కనిపించేది అందమైన తప్పు నంబరే.

ఈ లెక్క మనకెందుకు అంటారా? 2023లో వచ్చిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి డయాబెటిస్ ఉంది. ఇంకో 13.6 కోట్ల మంది ప్రీ-డయాబెటిస్ దశలో ఉన్నారు. ఇరవైల్లో ఉన్నవాళ్లకు "ఇదంతా నాన్నగారి వయసు వాళ్ల గోల" అనిపించొచ్చు. కానీ అలవాట్లు పడేది ఈ వయసులోనే. అల్వాల్ నుంచి రోజూ సికింద్రాబాద్ వైపో, మేడ్చల్ వైపో కాలేజీకి, ఆఫీసుకు వెళ్లే ఒక కుర్రాడి రోజునే ఉదాహరణగా తీసుకుని ఈ లెక్క ఎలా వేయాలో చూద్దాం.

ముందు ఒక క్లారిటీ: ఏ షుగర్?

మన భాషలో "షుగర్" అంటే రెండు. "చాయ్‌లో షుగర్ వేయాలా?" అంటే చక్కెర. "మా బాబాయికి షుగర్ ఉంది" అంటే వ్యాధి. ప్లే స్టోర్‌లో షుగర్ యాప్ అని వెతికినా ఇదే గందరగోళం. ఒక రకం యాప్‌లు గ్లూకోమీటర్ రీడింగ్స్ రాసుకోవడానికి. ఇంకో రకం మనం తినే చక్కెర లెక్క కోసం. ఈ ఆర్టికల్ రెండో రకం గురించి.

ఆ రెండో రకంలో కూడా మూడు పదాలు కలిసిపోతుంటాయి.

టోటల్ షుగర్స్: ఆహారంలో ఉన్న మొత్తం చక్కెరలు. పాలలో ఉండే లాక్టోజ్, మామిడిపండులో ఉండే చక్కెర, మనం పైనుంచి వేసిన చక్కెర, అన్నీ ఇందులోకే వస్తాయి.

యాడెడ్ షుగర్స్: తయారీలో బయటి నుంచి కలిపినవి మాత్రమే.

ఫ్రీ షుగర్స్: డబ్ల్యూహెచ్‌ఓ వాడే పదం. కలిపిన చక్కెరతో పాటు తేనె, సిరప్‌లు, పండ్ల రసాల్లోని చక్కెర కూడా ఇందులో లెక్క. పండును పండుగా తింటే లెక్కలోకి రాదు. అదే పండును జ్యూస్ తీసి తాగితే వస్తుంది.

ఇప్పుడు మీ యాప్ తెరిచి చూడండి. "షుగర్" అని ఒకటే గీత ఉంటే అది చాలావరకు టోటల్ షుగర్స్. అంటే చక్కెర లేకుండా ఒక గ్లాసు పాలు తాగినా, 200 మి.లీ.కు 9 నుంచి 10 గ్రాములు ఎక్కుతుంది. రెండు మామిడి ముక్కలు తింటే ఇంకొంచెం. సాయంత్రానికి బార్ ఎర్రగా మారుతుంది. "నేను స్వీట్ ఏమీ తినలేదు కదా" అని మీరు యాప్ అన్‌ఇన్‌స్టాల్ చేసేస్తారు. యాప్ అబద్ధం చెప్పలేదు. మీరు అడగని ప్రశ్నకు జవాబు చెప్పింది.

టెక్ వైపు ఇంకో చిక్కు ఉంది. ఆండ్రాయిడ్‌లోని హెల్త్ కనెక్ట్ న్యూట్రిషన్ రికార్డులో షుగర్‌కు ఒక్కటే ఫీల్డ్. యాపిల్ హెల్త్‌లోనూ అంతే, డైటరీ షుగర్ అని ఒక్కటే. కాబట్టి మీ డైట్ యాప్ యాడెడ్ షుగర్‌ను విడిగా పట్టినా, ఇంకో యాప్‌కు సింక్ అయ్యేసరికి ఆ తేడా పోతుంది. యాడెడ్ షుగర్ చూడాలంటే ఎంట్రీ చేసిన యాప్‌లోనే చూడాలి.

మరి లిమిట్ ఎంత?

డబ్ల్యూహెచ్‌ఓ 2015 గైడ్‌లైన్ ప్రకారం ఫ్రీ షుగర్స్ మన రోజువారీ క్యాలరీల్లో 10 శాతం దాటకూడదు. 5 శాతం లోపు ఉంటే ఇంకా మేలు. మన హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ, అదే ఎన్‌ఐఎన్, 2024 మేలో కొత్త ఆహార మార్గదర్శకాలు విడుదల చేసింది. అందులోనూ 5 శాతం లోపే అని ఉంది.

శాతాలను గ్రాములుగా మార్చడం ఈజీ. ఒక గ్రాము చక్కెర అంటే 4 క్యాలరీలు. రోజుకు 2000 క్యాలరీలు తినేవాళ్లకు 5 శాతం అంటే 100 క్యాలరీలు, అంటే 25 గ్రాములు. 10 శాతం అంటే 50 గ్రాములు. 1600 క్యాలరీల వాళ్లకు 5 శాతం అంటే 20 గ్రాములే. యాప్ సెటప్ చేసేటప్పుడు డిఫాల్ట్ గోల్ ఎంత పెట్టిందో చూసి, మీ క్యాలరీలకు తగ్గట్టు మార్చుకోండి. కానీ ఒక జాగ్రత్త: ఈ 25 గ్రాముల గోల్‌ను టోటల్ షుగర్స్ బార్‌కు పెట్టకండి. పెడితే పాలూ పండ్లే సగం బార్ తినేస్తాయి.

యాప్ లోపల ఏం జరుగుతుంది?

ఎంట్రీ చేయడానికి యాప్‌లు మూడు దారులు ఇస్తాయి. మూడింటికీ మూడు రకాల బలహీనతలు ఉన్నాయి.

మొదటిది సెర్చ్. "ఇరానీ చాయ్" అని కొడితే లిస్ట్ వస్తుంది. అందులో కొన్ని యాప్ కంపెనీ డైటీషియన్లు పెట్టినవి, కొన్ని మనలాంటి యూజర్లే వేసినవి. ఒకరు తమ ఇంటి చాయ్‌ని ఇరానీ చాయ్ పేరుతో వేసి ఉండొచ్చు. ఒకరు షుగర్ గడిని ఖాళీగా వదిలేసి ఉండొచ్చు. ఖాళీని యాప్ సున్నాగా కూడుతుంది. ఇదే అన్నింటికంటే ప్రమాదం. ఎంట్రీ సెలెక్ట్ చేసే ముందు కార్బ్స్, షుగర్ రెండూ చూడండి. కార్బ్స్ 15 గ్రాములు చూపించి షుగర్ 0 అంటున్న చాయ్ ఎంట్రీ కనిపిస్తే దాన్ని వదిలేయండి. చాయ్‌లో ఉండే కార్బ్స్ దాదాపు అన్నీ చక్కెరలే.

రెండోది బార్‌కోడ్ స్కాన్. బార్‌కోడ్‌లో చక్కెర సమాచారం ఏమీ ఉండదు. అది ఒక నంబర్ మాత్రమే. మన దేశంలో రిజిస్టర్ అయినవి చాలావరకు 890తో మొదలవుతాయి. ఆ నంబర్‌ను యాప్ తన డేటాబేస్‌లో వెతికి, అక్కడ ఎవరో ఎప్పుడో ఎక్కించిన విలువను చూపిస్తుంది. కంపెనీ ఫార్ములా మార్చినా డేటాబేస్‌లో పాత విలువే ఉండిపోవచ్చు. ఇది ఊహ కాదు, అలాంటి మార్పులు జరుగుతూనే ఉంటాయి. 2023 ఏప్రిల్‌లో రేవంత్ హిమత్సింగ్కా అనే ఇన్‌ఫ్లుయెన్సర్ బోర్న్‌విటాలో చక్కెర గురించి పెట్టిన వీడియో పెద్ద గొడవ అయింది. ఆ ఏడాది చివరికి కంపెనీ యాడెడ్ షుగర్‌ను 14.4 శాతం తగ్గించింది. అంతకు ముందు ఎక్కించిన ఎంట్రీని ఎవరూ అప్‌డేట్ చేయకపోతే, స్కాన్‌లో పాత లెక్కే వస్తుంది. అందుకే స్కాన్ చేశాక డబ్బా వెనక్కి తిప్పి ఒక్కసారి పోల్చుకోండి. పది సెకన్ల పని.

మూడోది ఫొటో. ఏఐ వచ్చాక ప్లేట్ ఫొటో తీస్తే చాలు, ఇడ్లీలు ఎన్నో, చట్నీ ఏదో గుర్తుపట్టేస్తోంది. ఇడ్లీ విషయంలో ఇది నిజంగా బాగుంది. చక్కెర దగ్గరే ఆగిపోతుంది. కరిగిపోయిన చక్కెర కెమెరాకు కనిపించదు. ఒక చెంచా వేసిన చాయ్, మూడు చెంచాలు వేసిన చాయ్ ఫొటోలో ఒకేలా ఉంటాయి. అక్కడ ఏఐ చెప్పేది సగటు. మీ కప్పు గురించి దానికి ఏమీ తెలియదు.

లేబుల్ ఉంటే: ఈ రెండు లైన్లు చదవండి

ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2020 లేబులింగ్ నిబంధనల ప్రకారం ప్యాకెట్ మీద టోటల్ షుగర్స్, యాడెడ్ షుగర్స్ రెండూ గ్రాముల్లో విడివిడిగా ఉండాలి. యాప్‌కు ఇవ్వాల్సింది ఈ నంబర్లే. అయితే రెండు చోట్ల కన్ను మోసపోతుంది.

ఒకటి, 100 మి.లీ. లెక్క. మామూలు కోలాలో 100 మి.లీ.కు 10 నుంచి 11 గ్రాముల చక్కెర ఉంటుంది. చూడటానికి చిన్న నంబర్. 250 మి.లీ. బాటిల్ ఖాళీ చేస్తే దాదాపు 26 గ్రాములు. అంటే 25 గ్రాముల లిమిట్ ఒక్క బాటిల్‌తో అయిపోయింది.

రెండు, ఆర్‌డీఏ శాతం. మన లేబుల్స్ మీద ఈ శాతాన్ని రోజుకు 50 గ్రాముల యాడెడ్ షుగర్ ఆధారంగా వేస్తారు. అంటే ఒక డ్రింక్‌లో 24 గ్రాములుంటే లేబుల్ మీద 48 శాతం అని ఉంటుంది. "సగం కూడా కాలేదు" అనుకుంటాం. అదే 25 గ్రాముల టార్గెట్‌తో చూస్తే 96 శాతం. లేబుల్ తప్పు కాదు. దాని కొలబద్ద వేరు, మీ కొలబద్ద వేరు.

ఇంగ్రీడియెంట్స్ లిస్ట్‌లో లిక్విడ్ గ్లూకోజ్, డెక్స్‌ట్రోస్, ఇన్వర్ట్ సిరప్ అని కనిపిస్తే అవన్నీ చక్కెర చుట్టాలే. ఇక ప్యాకెట్ ముందువైపు పెద్దక్షరాలతో ఉన్న పేరును అస్సలు లెక్కలోకి తీసుకోకండి. దీనికి మన హైదరాబాద్‌లోనే మంచి ఉదాహరణ ఉంది. పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఓఆర్‌ఎస్ పేరు పెట్టుకుని అమ్మే తీపి డ్రింకుల మీద ఏళ్ల తరబడి పోరాడారు, తెలంగాణ హైకోర్టు దాకా వెళ్లారు. డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా ఓఆర్‌ఎస్‌లో లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజ్ మాత్రమే ఉంటుంది. ఈ డ్రింకుల్లో చక్కెర అంతకు ఎన్నో రెట్లు ఎక్కువ. విరేచనాలతో ఉన్న పిల్లలకు అది ఇంకా హాని చేస్తుందన్నది ఆవిడ వాదన. చివరికి 2025 అక్టోబర్‌లో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ ఫార్ములా పాటించని డ్రింకుల పేర్లలో ఓఆర్‌ఎస్ అనే మాటే ఉండకూడదని ఆదేశించింది. ఆవిడ జనాన్ని చూడమన్నది వెనకవైపు ఉన్న నంబర్‌నే.

లేబుల్ లేకపోతే: చాయ్, బేకరీ, స్వీట్ షాపు

అసలు కష్టం ఇక్కడే. లోతుకుంట నుంచి బొల్లారం దాకా రోడ్డు పక్కన మనం తాగే చాయ్‌కి, బేకరీ గాజు డబ్బాలో ఉన్న ఉస్మానియా బిస్కెట్‌కి, కిలోల లెక్కన తూచి ఇచ్చే మైసూర్‌పాక్‌కి లేబుల్ లేదు, బార్‌కోడ్ లేదు. మన తెలుగు ఇళ్లలో చక్కెర ఎక్కువగా వచ్చేది కూడా ఇలాంటి వాటి నుంచే. దీనికి పరిష్కారం యాప్‌లోనే ఉంది: కస్టమ్ రెసిపీ. చాలామంది దాన్ని తెరిచి కూడా చూడరు.

ముందు ఇంటి చెంచా సంగతి తేల్చండి. యాప్‌లో ఒక టీ స్పూన్ అంటే సుమారు 4 గ్రాములు. అది గీసినట్టు సమంగా ఉన్న చెంచా. మనం వేసేది గుట్టగా పోసిన చెంచా. వంటింటి డిజిటల్ తూకం ఉంటే, మీరు రోజూ వేసినట్టే పది చెంచాలు గిన్నెలో పోసి తూచి, పదితో భాగించండి. వచ్చిన నంబరే మీ ఇంటి చెంచా. ఉదాహరణకు 6 గ్రాములు వచ్చిందనుకోండి. రోజుకు మూడు కప్పులు, కప్పుకు రెండు చెంచాలు అంటే యాప్ లెక్కలో 24 గ్రాములు, నిజంగా 36 గ్రాములు. చాయ్ ఒక్కదాంట్లోనే 12 గ్రాముల తేడా!

తర్వాత "మా ఇంటి చాయ్" అని రెసిపీ సేవ్ చేసుకోండి. పాలు ఎన్ని మి.లీ., చక్కెర ఎన్ని గ్రాములు, ఎన్ని కప్పులయ్యాయి. ఒక్కసారి చేస్తే తర్వాత ఒక్క ట్యాప్.

బయటి చాయ్‌కి ఏం చేయాలి? ఇరానీ హోటళ్లలో చాలా చోట్ల చక్కెర ముందే కలిపేసి ఉంటుంది, "తక్కువ వేయండి అన్నా" అన్నా కుదరదు. దీనికి నాలుకే పరికరం. ఒక ఆదివారం ఇంట్లో ఒకే చాయ్‌ను మూడు కప్పుల్లో పోసి, ఒకదాంట్లో 5, ఒకదాంట్లో 10, ఒకదాంట్లో 15 గ్రాముల చక్కెర కలపండి. మీరు రోజూ తాగే హోటల్ చాయ్ తీపికి ఏది దగ్గరో చూడండి. కప్పు సైజు కూడా అంతే ఉండాలి. ఆ నంబర్‌తో "హోటల్ చాయ్" అని ఇంకో రెసిపీ చేసుకోండి. డౌట్ ఉంటే రెండింట్లో పెద్ద నంబర్ తీసుకోండి. ఇది ల్యాబ్ టెస్ట్ కాదు. కానీ ఎవరో ముక్కూమొహం తెలియని యూజర్ వేసిన ఎంట్రీ కంటే నూరు రెట్లు నయం.

బెల్లం చాయ్ తాగేవాళ్లకు ఒక మాట: బెల్లంలోనూ అత్యధిక భాగం చక్కెరే. తేనె కూడా ఫ్రీ షుగరే. యాప్‌లో వాటిని వదిలేయకండి. బోనాల రోజు వండే బెల్లం అన్నమైనా సరే, గిన్నెలో ఎంత బెల్లం పడిందో అమ్మను అడిగి, ఎంతమంది తిన్నారో దానితో భాగిస్తే మీ వాటా వచ్చేస్తుంది. లెక్క వేయడమంటే మానేయమని కాదు.

ఒక రోజు లెక్క

అల్వాల్ కుర్రాడి మామూలు రోజు ఇలా ఉందనుకుందాం. నంబర్లు లెక్క అర్థం కావడానికి తీసుకున్నవి, మీవి వేరుగా ఉంటాయి.

ఉదయం, రాత్రి ఇంటి చాయ్ రెండు కప్పులు, కప్పుకు 8 గ్రాములు: 16 గ్రాములు.
మధ్యలో హోటల్ చాయ్ ఒకటి: 10 గ్రాములు.
దాంతో బిస్కెట్లు నాలుగు, 30 గ్రాముల బరువు, నాలుగో వంతు చక్కెర అనుకుంటే: 7.5 గ్రాములు.
మధ్యాహ్నం బిర్యానీతో కోలా 250 మి.లీ.: 26 గ్రాములు.

మొత్తం 59.5 గ్రాములు. లడ్డూ తినలేదు, ఐస్‌క్రీమ్ తినలేదు, కేక్ ముట్టుకోలేదు. అయినా 50 గ్రాముల పై లిమిట్ కూడా దాటిపోయింది.

యాప్ వల్ల అసలు లాభం ఇక్కడే కనిపిస్తుంది. కోలా బదులు మజ్జిగ తాగితే 33.5కి వచ్చేస్తుంది. ఇంటి చాయ్‌లో చక్కెర సగం చేస్తే 25.5. అంటే రెండే మార్పులతో టార్గెట్ దగ్గరికి వచ్చేశాం, హోటల్ చాయ్, బిస్కెట్ అలాగే ఉన్నాయి. ఏది మానాలో, ఏది ఉంచుకోవచ్చో చెప్పేది లిస్ట్. మనసుతో లెక్క వేస్తే మనం ముందు లడ్డూనే తప్పుపడతాం.

ఇలా వరుసగా ఏడు రోజులు రాయండి, అందులో ఒక ఆదివారం ఉండాలి. ఆ తర్వాత రోజూ రాయక్కర్లేదు. మీ చక్కెర ఏ రెండు మూడు చోట్ల నుంచి వస్తోందో తెలిసిపోతుంది. నెలకు ఒక వారం మళ్లీ చెక్ చేసుకుంటే చాలు.

ఏ యాప్ తీసుకోవాలి?

హెల్తిఫైమీ: బెంగళూరు కంపెనీ, 2012లో మొదలైంది. మన వంటల పేర్లు, కటోరీ, గ్లాసు లాంటి కొలతలు ఉండటం దీని బలం. ఫొటో ఎంట్రీ కూడా ఉంది. కోచ్ ప్లాన్ల కోసం నోటిఫికేషన్లు వస్తుంటాయి, వాటిని ఆపేసుకోండి.

మైఫిట్‌నెస్‌పాల్: డేటాబేస్ చాలా పెద్దది, యూజర్లు వేసిన ఎంట్రీలూ ఎక్కువే. కాబట్టి పైన చెప్పిన కార్బ్స్-షుగర్ చెక్ ఇక్కడ తప్పనిసరి. 2022లో బార్‌కోడ్ స్కాన్‌ను పెయిడ్ ప్లాన్‌లోకి మార్చింది.

క్రోనోమీటర్: యాడెడ్ షుగర్‌ను విడిగా చూపిస్తుంది, డేటా నాణ్యత బాగుంటుంది. మన వంటలు తక్కువ కాబట్టి కస్టమ్ రెసిపీలు మీరే చేసుకోవాలి. ఓపిక ఉన్నవాళ్లకు ఇది సరైనది.

న్యూట్రిఫై ఇండియా నౌ: మన ఎన్‌ఐఎన్ తయారుచేసిన ఉచిత యాప్. 2017లో ఈ సంస్థ 528 ఆహార పదార్థాలను విశ్లేషించి భారతీయ ఆహార పట్టిక విడుదల చేసింది. మన ఆహారం మీద మన ల్యాబ్ పని కావడమే దీని ప్లస్. కమర్షియల్ యాప్‌ల స్థాయి డిజైన్ మాత్రం ఆశించకండి.

ఓపెన్ ఫుడ్ ఫ్యాక్ట్స్: ఇది డైరీ కాదు, ప్యాకెట్ల సమాచారం ఉండే ఓపెన్ డేటాబేస్. ప్యాకెట్ లేకపోతే మీరే లేబుల్ ఫొటో తీసి ఎక్కించొచ్చు. మీరు కరెక్ట్ చేస్తే అందరికీ కరెక్ట్ అవుతుంది.

యాప్ చూపించనివి

అన్నం. 100 గ్రాముల అన్నంలో షుగర్ దాదాపు సున్నా, కార్బ్స్ మాత్రం 28 గ్రాముల దాకా. ఆ పిండి పదార్థం ఒంట్లోకి వెళ్లాక గ్లూకోజ్‌గానే మారుతుంది. షుగర్ బార్ పచ్చగా ఉంది కదా అని రెండు ప్లేట్ల అన్నం లాగించి సేఫ్ అనుకోవద్దు. ముఖ్యంగా ఇంట్లో డయాబెటిస్ ఉన్నవాళ్లకు యాప్ పెట్టి ఇస్తుంటే షుగర్‌తో పాటు కార్బ్స్ బార్ కూడా చూపించండి. మందుల డోసు మాత్రం డాక్టరే మార్చాలి, యాప్ చూసి మార్చొద్దు.

ఇంకోటి, సూది లేకుండా రక్తంలో షుగర్ చెప్పేస్తామనే స్మార్ట్‌వాచ్‌లు, రింగ్‌లు. తక్కువ ధరకు ఆన్‌లైన్‌లో బోలెడు కనిపిస్తాయి. అమెరికా ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో వీటి గురించి హెచ్చరించింది. చర్మాన్ని గుచ్చకుండా తమంతట తాము గ్లూకోజ్ కొలిచే వాచ్‌కు గానీ రింగ్‌కు గానీ అనుమతి ఇవ్వలేదని చెప్పింది. చేతికి అతికించుకునే సీజీఎం సెన్సర్లు వేరు, వాటికి చర్మం కిందకు వెళ్లే సన్నని తీగ ఉంటుంది. వాచ్‌లో ఆ ఆప్షన్ చూసి మురిసిపోయి అమ్మానాన్నలకు కొనివ్వకండి.

ప్రైవసీ సంగతి

మీరు ఏం తింటారు, బరువు ఎంత, ఏ జబ్బు ఉంది, ఇవన్నీ ఈ యాప్‌లకు తెలుసు. 2018లో మైఫిట్‌నెస్‌పాల్‌లో సుమారు 15 కోట్ల అకౌంట్ల యూజర్‌నేమ్‌లు, ఈమెయిల్స్, హ్యాష్ చేసిన పాస్‌వర్డ్‌లు బయటికి పోయాయి. కాబట్టి వేరే పాస్‌వర్డ్ పెట్టండి, కాంటాక్ట్స్, లొకేషన్ పర్మిషన్లు ఇవ్వకండి. వాడటం ఆపేస్తే యాప్ తీసేయడంతో సరిపెట్టకుండా అకౌంట్ కూడా డిలీట్ చేయండి.

ఫైనల్‌గా

ఏ యాప్ అన్నది రెండో ప్రశ్న. మొదటిది, అందులో పెట్టే నంబర్ ఎక్కడి నుంచి వచ్చింది అన్నది. ప్యాకెట్ అయితే లేబుల్ నుంచి, ఇంటి వంటైతే మీ తూకం నుంచి, హోటల్ చాయ్ అయితే మీ నాలుక టెస్ట్ నుంచి రావాలి. ఇప్పటికే ఏదైనా యాప్ ఉంటే కొత్తది డౌన్‌లోడ్ చేయక్కర్లేదు. ఈరోజే పది చెంచాల చక్కెర తూచి, "మా ఇంటి చాయ్" రెసిపీ ఒక్కటి సేవ్ చేయండి. అందులో వచ్చిన నంబర్ చూశాక మిగతాది మీరే మొదలుపెడతారు.